తెల్లవారుజామున మూడింటికి ఫోను: వ్యాపారం నడిపేవాళ్లం ఓపిక చచ్చిపోకుండా నిలబడేదెలా?

భీమవరం మేతకొట్టు (రాత్రి 11:40)

అందరికీ నమస్కారం. భీమవరం పక్క పల్లెలో రొయ్యల మేత, మందుల దుకాణం పెట్టి పదిహేడేళ్లయింది. ఇంతకాలం ఇక్కడ ధరల గురించి, సరుకు గురించి అడిగానే తప్ప నా గురించి ఎప్పుడూ అడగలేదు. ఈసారి అడుగుతున్నాను.

పోయిన సోమవారం ఉదయం ఆరున్నరకు మామూలుగానే దుకాణానికి వెళ్లాను. తాళాలు రెండూ తీసి షట్టరు మోకాలి ఎత్తు దాకా లేపాను. అక్కడ చెయ్యి ఆగిపోయింది. నొప్పి లేదు, కళ్లు తిరగలేదు. లోపల వరసగా పేర్చిన మేత బస్తాల అడుగు వరస, నేల మీద ఒలికిన గుళికలు, వాటి కోసం గోడ వారగా సాగుతున్న చీమల బారు కనిపిస్తున్నాయి. ఆ చీమలను చూస్తూ ఎంతసేపు వంగి నిలబడ్డానో తెలియదు. పక్క టీకొట్టు అబ్బాయి వచ్చి "షట్టరు పట్టేసిందా అండీ?" అని అడిగితే, అవును, నూనె వెయ్యాలి అని అబద్ధమాడాను. షట్టరు దించేసి ఇంటికొచ్చి మధ్యాహ్నం దాకా పడుకున్నాను గానీ కునుకు పట్టలేదు.

మా వ్యాపారం తెలియనివారి కోసం రెండు మాటలు చెబుతాను. రొయ్య పంట వంద నుంచి నూట ఇరవై రోజులు. సీడు (రొయ్య పిల్లలు) వదిలిన నాటి నుంచి పట్టుబడి దాకా రైతుకు మేత అరువు మీద పోయాలి. కంపెనీకి మాత్రం మేము ముందుగానో, వారం తిరక్కుండానో కట్టాలి. ఆ సందును పూడ్చేది మా సొంత డబ్బు, బ్యాంకు ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్ అప్పు), అదీ చాలకపోతే బయటి వడ్డీ. చెరువులో తెల్లమచ్చ రోగం పడితే రైతు పంట పోతుంది, దానితోపాటు నా బాకీ కూడా పోతుంది. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతం చేసినప్పుడు కొనేవాళ్లు ధర తగ్గించారు, రైతు నాకు వాయిదా చెప్పాడు, నేను ఎవరికీ చెప్పలేకపోయాను. వీటన్నిటికీ మించినది ఫోను. రొయ్య నీటి పైకి తేలిందంటే తెల్లవారుజామున మూడింటికి చేస్తారు. ఎత్తకపోతే వాళ్ల చెరువు పోతుందేమోనని భయం, ఎత్తితే మళ్లీ నిద్ర రాదు.

సంక్రాంతికి నాలుగు రోజులు మూశాను. నాలుగు రోజులూ ఫోను దిండు కిందే ఉంది. మా ఆవిడ పది రోజులు ఎక్కడికైనా వెళ్లి వద్దామంటోంది, మా బావమరిది కొట్టు అమ్మేయమంటున్నాడు. మీలో ఎవరికైనా ఇలా జరిగి ఉంటే ఏం చేశారో చెప్పగలరు.


మండపేట మిల్లు (ఉదయం 5:20)

తమ్ముడూ, ముందుగా ఒక్క మాట: కొట్టు ఇప్పుడే అమ్మకండి. ఓపిక లేని రోజున ఆస్తి అమ్మితే కొనేవాడు మన ముఖం చూసి ధర చెబుతాడు.

నాకు ఇది 2011లో జరిగింది. ఆ ఏడాది కోనసీమ రైతులు గిట్టుబాటు కావడం లేదని సార్వాకు (ఖరీఫ్‌కు) పంట విరామం ప్రకటించారు. వాళ్లు ఆగగలిగారు, నేను మాత్రం ఆగడం చేతకాక ధాన్యం కాటా పక్కనే కూలబడ్డాను. ఆసుపత్రిలో గుండె బాగానే ఉందన్నారు. "మరి ఏమిటండీ?" అంటే మీరు ఎన్నేళ్ల నుంచి సెలవు తీసుకోలేదు అని ఎదురడిగారు. అందరూ చెప్పినట్టే వారం రోజులు సింహాచలం, అన్నవరం తిరిగి వచ్చాను. వచ్చిన రెండో రోజుకే యథాస్థితికి చేరాను. సెలవు తప్పు కాదు గానీ, తిరిగొచ్చేసరికి ఆ కాటా, ఆ గుమాస్తా, ఆ ప్రశ్నలు అక్కడే ఉంటే సెలవు ఏం చేస్తుంది?

అప్పుడు మా పెద్దబ్బాయి చెప్పగా ఒక పని చేశాను. మిల్లులో నన్ను ఎవరు ఏమడిగినా పుస్తకంలో గీత పెట్టి, పక్కన ఆ విషయం రాసుకున్నాను. మొదటి రోజు సాయంత్రానికి డెబ్బై ఒక్క గీతలు! లారీ ఎక్కడ పెట్టమంటారు, ఈ గోతాలు చిరిగాయి ఏం చెయ్యమంటారు, హమాలీలకు టీ డబ్బులు ఇమ్మంటారా, ఫలానా రైతు తేమ ఎక్కువున్న ధాన్యం తెచ్చాడు దింపమంటారా... వాటిలో నేనే చెప్పి తీరాల్సినవి ఎనిమిది. మిగిలిన అరవై మూడింటికీ జవాబు గుమాస్తాకు నాకంటే బాగా తెలుసు. తెలిసి కూడా ఎందుకు అడుగుతున్నాడంటే, ఒకప్పుడు అడగకుండా చేసినందుకు నేను నలుగురిలో కేకలేశాను.

మరుసటి నెల నుంచి ఇరవై వేల రూపాయల లోపు విషయం ఏదైనా గుమాస్తాదే నిర్ణయమని కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చాను. నోటిమాటగా చెబితే ఎవరూ నమ్మరు, రాసి ఇవ్వాలి. తేమ విషయంలో ఆయన ఒకసారి పొరపాటు పడ్డాడు. 17 శాతం దాటితే దింపకూడదని తెలిసినా, చుట్టరికానికి పోయి 21 ఉన్న ధాన్యం దింపించాడు. దాదాపు నలభై వేలు నష్టం. ఆ రోజు నోరు మూసుకుని ఊరుకోవడం నేను ఇన్నేళ్ల వ్యాపారంలో చేసిన అన్నిటికంటే కష్టమైన పని. కేకలేసి ఉంటే మర్నాటి నుంచి మళ్లీ డెబ్బై ఒక్క గీతలే.

మన డెల్టాకు ప్రాణం కాలువలు. ఆ కాలువలను కూడా దాళ్వా (రబీ పంట) అయ్యాక వేసవిలో కట్టేస్తారు కదా. పూడిక తీస్తారు, లాకుల తలుపులు బాగుచేస్తారు. మనం కూడా ఏటా అలా కట్టేసుకునే రోజులు పెట్టుకోవాలని నా అభిప్రాయం.


ఒంటికొట్టు, అమలాపురం (ఉదయం 9:05)

మిల్లు గారి మాటలు వినడానికి బాగున్నాయి, కానీ అవి గుమాస్తా ఉన్నవారికి. నాది సెల్‌ఫోన్ రిపేరు కొట్టు. యజమానినీ నేనే, పనివాడినీ నేనే, ఊడ్చేదీ నేనే. నా దగ్గర డెబ్బై ఒక్క గీతలు పెడితే డెబ్బై ఒక్కటీ నావే.

కాలువల పోలిక కూడా నాకు నప్పలేదు, ఏమనుకోకండి. కాలువ కట్టేసేది ప్రభుత్వం, ఫలానా తేదీ నుంచి నీళ్లు రావని ముందే పేపర్లో వేస్తారు, రైతులందరికీ ఒకేసారి ఆగుతాయి. నేను కట్టేస్తే నా ఒక్కడికే ఆగుతుంది; ఎదురు కొట్టువాడికి నా నీళ్లు కూడా పారతాయి.


కాళ్ల చెరువుగట్టు (ఉదయం 10:30)

మేతకొట్టు గారూ, తెల్లవారుజామున మూడింటికి ఫోను చేసేది మాలాంటివాళ్లమే కాబట్టి మా వైపు నుంచి చెప్పాలనిపించింది. పన్నెండెకరాలు లీజు చేస్తున్నాను. మీ ఖాతాదారుణ్ని కాను, కానీ మా కొట్టాయనకు నేనూ అలాగే చేస్తాను.

పగలు ఎండకు నీళ్లలోని నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రంతా అదే నాచు రొయ్యతోపాటు ఆక్సిజన్ పీల్చుకుంటుంది. అందుకే తెల్లారేముందు డీఓ, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, అతి తక్కువకు పడిపోతుంది. రోజంతా మబ్బుపట్టి, రాత్రి కరెంటు పోయి, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగాయంటే అరగంటలో రొయ్య గట్టు వారకు చేరుతుంది. ఆ అరగంటలో గట్టు మీద నేనూ, కాపలా కుర్రాడూ తప్ప ఎవరూ ఉండం. జనరేటరు స్టార్ట్ చేస్తాం, ఆక్సిజన్ బిళ్లలు చల్లుతాం, ఆ తర్వాత చేసేదేమీ ఉండదు. చెయ్యడానికి ఏమీ లేని ఆ పది నిమిషాల్లోనే కొట్టాయనకు ఫోను చేస్తాం.

నిజం చెప్పాలంటే ఆయన ఆ వేళలో చెప్పే కొత్త విషయం ఏమీ ఉండదు. ఎన్ని కేజీలు చల్లావు, రేపు మేత తగ్గించు, ఇంతే. ఆయన ఎత్తుతాడు కాబట్టి చేస్తున్నాం. పోయిన ఏడాది ఆయన ఒక అట్ట అచ్చువేయించి ప్రతి షెడ్డులోనూ కట్టించాడు: డీఓ నాలుగు కంటే తగ్గితే ఏం చెయ్యాలి, మూడుకు పడితే ఏం చెయ్యాలి, ఎకరానికి ఎన్ని బిళ్లలు, మర్నాడు మేత ఎంత, కింద టెక్నీషియన్ నంబరు. అప్పటి నుంచి నేను ఆయనకు రాత్రి వేళ చేసింది రెండుసార్లే. అందులో ఒకటి మా నాన్నగారికి ఒంట్లో బాగాలేక, కారు కోసం.


భీమవరం మేతకొట్టు (ఉదయం 11:15)

మీ మాట చదివి చాలాసేపు ఆలోచించాను. నేను ఎత్తకపోతే చెరువు పోతుందనుకున్నాను. నేను ఎత్తినా ఎత్తకపోయినా ఆ అరగంటలో జరిగేది జరుగుతుందని పదిహేడేళ్లలో ఒక్కసారి కూడా తట్టలేదు. మనసుకు కొంచెం చిన్నతనంగా ఉంది, అబద్ధమెందుకు.


రాజమండ్రి డాక్టరమ్మ (మధ్యాహ్నం 2:10)

నేను మానసిక వైద్యురాలిని. ఫోరంలో రోగనిర్ధారణ చెయ్యకూడదు, చెయ్యను. అయితే రెండు విషయాలు తేల్చుకోకుండా సలహాలు పాటిస్తే ప్రమాదం ఉంది కాబట్టి రాస్తున్నాను.

మీరు చెబుతున్న ఇలాంటి అలసటను బర్నవుట్ అంటారు. ఈ మాటను ఈ అర్థంలో 1974లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వ నిపుణుడు తన వ్యాసంలో వాడారు. ఆయన చూసింది వ్యాపారులను కాదు, ఉచిత వైద్యశాలల్లో పనిచేసేవారిని. ఇతరుల అవసరానికి ఎల్లవేళలా అందుబాటులో ఉండాలనుకునేవారిలో ఆయన ఈ స్థితిని గమనించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ-11 అనే వ్యాధుల పట్టికలో దీన్ని జబ్బుగా కాక పనికి సంబంధించిన స్థితిగా చేర్చింది. ఆ పట్టిక 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. అందులో మూడు లక్షణాలు చెప్పారు. సత్తువ అడుగంటిపోవడం మొదటిది. తన పని మీదే విరక్తి, దూరం, ఎగతాళి పుట్టడం రెండోది. ఎంత చేసినా ఏమీ చేయలేకపోతున్నానన్న భావన మూడోది. మొదటిదాన్ని అందరూ గుర్తుపడతారు. నా దగ్గరికి వచ్చే వ్యాపారుల విషయంలో రెండోదాన్ని ఇంట్లోవాళ్లే ముందు కనిపెడతారు: "ఖాతాదారు వెళ్లగానే తిట్టుకుంటున్నారండీ, ఇదివరకు ఇలా ఉండేవారు కాదు" అంటారు.

ఇక అసలు విషయం. ఆ విరక్తి దుకాణం వరకే ఉందా, మనవరాలి ఆటలో, ఇష్టమైన కూరలో, స్నేహితుల మాటల్లో కూడా ఉందా చూసుకోండి. అన్నిటిలోనూ రుచి పోయి రెండు వారాలు దాటితే అది కుంగుబాటు కావచ్చు, దానికి వైద్యం వేరే ఉంది, బాగా పనిచేస్తుంది. థైరాయిడ్, షుగర్, రక్తహీనత, గురకతో తెగిపోయే నిద్ర కూడా ఇలాగే కనిపిస్తాయి కాబట్టి ఓ రక్తపరీక్ష చేయించుకోవడం తప్పనిసరి. బాకీల భారంలో చచ్చిపోతే బాగుండునన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆగకుండా ఎవరితోనైనా చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416 కు పగలూ రాత్రీ ఎప్పుడైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. మందు షాపులో అడిగి నిద్రమాత్రలు తెచ్చుకోవద్దు, సాయంత్రం గ్లాసుతో నిద్ర తెచ్చుకోవద్దు. మద్యంతో పట్టిన నిద్ర సరిగ్గా మీరు చెబుతున్న మూడింటికే తెగుతుంది.


భీమవరం మేతకొట్టు (మధ్యాహ్నం 3:00)

మనవరాలు ఇంకా లేదండీ, కానీ మా అమ్మాయి హైదరాబాద్ నుంచి వీడియో కాల్ చేస్తే సంతోషంగానే ఉంటుంది. రక్తపరీక్ష రేపే చేయిస్తాను. చివరి వాక్యం మా ఆవిడకు చూపించలేదు.


పూతరేకుల ఇల్లు (రాత్రి 9:45)

ఆత్రేయపురం దగ్గర మా ఇంట్లో పదకొండు మంది ఆడవాళ్లం పూతరేకులు చేస్తాం. ఇందాకటి నుంచి అందరూ రాసినవి చదువుతుంటే ఒక తేడా కనిపించింది. మీరందరూ కొట్టు మూసి ఇంటికి వెళ్లడం గురించి మాట్లాడుకుంటున్నారు. మాకు కొట్టే ఇల్లు. రాత్రి తొమ్మిదికి ఆర్డర్ల పుస్తకం మూస్తే పక్క గదిలో గిన్నెలు నాకోసం ఎదురుచూస్తుంటాయి. "రోజంతా ఇంట్లోనే ఉన్నావుగా" అన్న మాట పనికంటే ఎక్కువ అలుపు తెస్తుంది.

పని ఎలా ఉంటుందంటే, బోర్లించిన కుండ కింద కొబ్బరి కమ్మలతో మంట పెట్టి, పలచటి జయ బియ్యం పిండిలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్క ఊపులో పరవాలి. రేకు క్షణంలో లేస్తుంది. ఆ ఊపు కొంచెం తప్పితే రేకు చిరుగుతుంది. 2023లో ఆత్రేయపురం పూతరేకుకు భౌగోళిక గుర్తింపు వచ్చాక ఆర్డర్లు పెరిగాయి. దసరా నుంచి సంక్రాంతి దాకా వాట్సాప్ మోగుతూనే ఉండేది. రెండేళ్ల కిందట దీపావళి ముందు నా చేతిలో వరసగా రేకులు చిరగడం మొదలైంది. ఇరవై ఏళ్ల చెయ్యి. పొయ్యి దగ్గర నా పక్కన కూర్చున్న పిన్ని గారు ఏమీ అనకుండా నా చేతిలో గుడ్డ తీసుకుని, "లేచి అవతలికి పో" అన్నారు. నిజం తెలిసింది అప్పుడే. చెయ్యి నాకంటే ముందు చెప్పింది.

మేము చేసింది ఇది. రోజుకు ఇన్ని పెట్టెలే అని కట్టడి పెట్టాం. ఆర్డరు సాయంత్రం అయిదు దాటితే మర్నాటి లెక్క. ధర పెట్టెకు ముప్పై రూపాయలు పెంచాం. మొదటి నెల పాత ఖాతాల్లో నలుగురైదుగురు పోయారు. భయమేసింది, రాత్రుళ్లు లెక్కలు వేసుకున్నాను. ఏడాది తిరిగేసరికి అమ్మిన పెట్టెలు తగ్గాయి, చేతికి మిగిలింది దాదాపు అంతే. ఇంటి పని మాత్రం ఏ కట్టడికీ లొంగలేదు. చివరికి వ్యాపారం ఖర్చులోనే వంటకు ఒక మనిషిని పెట్టుకున్నాను. మా అత్తగారు నెల రోజులు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు ఆవిడే వంటమనిషి రాని రోజు నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వడం లేదు.

అమలాపురం తమ్ముడికి ఒక మాట. ఒక్కరే ఉన్నప్పుడు పని పంచలేరు, నిజమే. వేళను మాత్రం కట్టడి చెయ్యవచ్చు. ఫోను బాగుచేయించుకునేవారికి సాయంత్రం నాలుగు తర్వాత ఇస్తే రేపు అని బోర్డు పెట్టి చూడండి.


తణుకు లెక్కలు (రాత్రి 10:50)

పన్ను లెక్కలు చూసేవాడిగా నాలుగు మాటలు కలుపుతాను. నా దగ్గరికి వచ్చే వ్యాపారుల్లో చాలామందిని అలసగొట్టేది పని కాదు, ఏది ఎంతుందో తెలియకపోవడం. గల్లా పెట్టెలోంచే స్కూలు ఫీజు, గల్లా పెట్టెలోంచే గ్యాసు బండ. నెలాఖరుకు డబ్బు లేదంటే వ్యాపారం నష్టపోయిందో, ఇంటి ఖర్చు పెరిగిందో చెప్పలేరు. మీకు మీరు జీతం రాసుకోండి, అయిదో తేదీన మీ సొంత ఖాతాకు వేసుకోండి, ఆ తర్వాత గల్లా ముట్టకండి. మొదట మూడు నెలలు ఇది నటనలా అనిపిస్తుంది.

జీఎస్టీ విషయం. నెలనెలా 11న అమ్మకాల రిటర్ను, 20న పన్ను కట్టే 3బి రిటర్ను అంటూ ప్రతి నెలా రెండు గండాలు దాటేవారిలో చాలామందికి ఆ అవసరమే లేదు. ఏడాది టర్నోవర్ అయిదు కోట్ల లోపు ఉన్నవారు 2021 జనవరి నుంచి మూడు నెలలకోసారి రిటర్ను వేసే పద్ధతి ఎంచుకోవచ్చు. పన్ను మాత్రం నెలనెలా కట్టాలి. చిన్నదే, కానీ ఏడాదికి ఎన్నో రాత్రులు మిగులుతాయి.

పూతరేకుల అమ్మగారికి పనికొచ్చేది మరొకటి ఉంది. మీరు తయారీదారులు కాబట్టి చిన్న పరిశ్రమలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ నమోదు చేసుకుని ఉంటే, మీ సరుకు కొనే మిఠాయి దుకాణాలు ఒప్పందం లేనప్పుడు 15 రోజుల్లో, ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. ఆలస్యం చేస్తే, ఆదాయపు పన్ను చట్టంలో తెచ్చిన మార్పు ప్రకారం ఆ ఖర్చును వాళ్లు కట్టేదాకా లెక్కలో చూపించుకోలేరు. బిల్లు మీద ఉద్యమ్ నంబరు అచ్చువేయించండి, గట్టిగా అడిగే శ్రమ కొంత తగ్గుతుంది. మేతకొట్టు గారికి ఇది వర్తించదు, వర్తకులకు ఈ రక్షణ లేదు.

మేతకొట్టు గారూ, మీ అసలు బరువు ఫోను అని మీరంటున్నారు గానీ నాకు బాకీల పుస్తకం అనిపిస్తోంది. ఫోను ఎత్తకపోతే చెరువు పోతుందన్న భయంలో సగం, చెరువు పోతే నా డబ్బు పోతుందన్న భయం. అవునా? ఒక ఆదివారం కూర్చుని బాకీలను వయసు ప్రకారం మూడు కుప్పలు చెయ్యండి: ఈ పంటవి, పోయిన పంటవి, ఏడాది దాటినవి. మూడో కుప్పను వేరే పుస్తకంలోకి ఎత్తి పక్కన పెట్టండి. వదులుకోమని కాదు, వసూలు చేసే పని నెలకు ఒక రోజుకు కట్టేసి, మిగిలిన రోజుల్లో ఆ పుస్తకం తెరవకండి. కొత్త అరువుకు ఎకరానికి ఇంత అని హద్దు పెట్టండి. చేపలు, రొయ్యల సాగుకు కూడా 2018-19 నుంచి కిసాన్ క్రెడిట్ కార్డు ఇస్తున్నారు. సొంత చెరువున్న రైతులనైనా ఆ దారి పట్టించండి. బ్యాంకు చేయాల్సిన పని మీరు చేస్తున్నారు, బ్యాంకుకు ఉన్న గుండె మాత్రం మీకు లేదు.


కాళ్ల చెరువుగట్టు (రాత్రి 11:20)

లెక్కల గారూ, లీజు రైతుకు ఆ కార్డు అంత తేలిగ్గా రాదండీ. భూమి యజమాని కాగితం మీద సంతకం పెట్టడు. కొట్టాయన అరువు ఆపితే మేము వడ్డీ వ్యాపారి దగ్గరికే పోవాలి. హద్దు పెట్టండి, తప్పు లేదు, కాకపోతే సీడు వదలకముందే చెప్పండి. అరవయ్యో రోజున చెరువు నిండా రొయ్య పెట్టుకుని ఉన్నప్పుడు మేత ఆపితే అలిసిపోయేది మేము.


తణుకు లెక్కలు (రాత్రి 11:32)

మీ మాట న్యాయం. సీడుకు ముందే చెప్పాలి, రాసి ఇవ్వాలి.


ఒంటికొట్టు, అమలాపురం (మర్నాడు రాత్రి 10:15)

అక్కగారు చెప్పిన బోర్డు పెట్టాను. పెట్టిన గంటకే ఒకాయన వచ్చి "నాలుగు దాటితే నీకు కళ్లు కనిపించవా?" అని వెటకారమాడాడు. ఆయన ఫోను తీసుకోలేదు.

మరో సంగతి. నిన్న కాలువల పోలిక నాకు నప్పలేదన్నాను గదా. అందరికీ ఒకేసారి ఆగాలి అన్న నా మాటే రాత్రంతా తిరిగింది. ఈ ఉదయం ఎదురు కొట్టాయన దగ్గరికి వెళ్లి, ఆదివారం మధ్యాహ్నం నుంచి ఇద్దరం మూసేద్దామా అని అడిగాను. ఆరేళ్లుగా ఆయనతో సరిగ్గా మాట కూడా లేదు. ఆయన నన్ను అనుమానంగా చూసి, "నువ్వు నిజంగా మూస్తావా?" అన్నాడు. ఆయన కూడా నా కోసమే తెరుస్తున్నాడట.


మండపేట మిల్లు (రాత్రి 10:40)

ఆరేళ్లు! వడ్డీతో సహా పడుకోండి ఇద్దరూ.


భీమవరం మేతకొట్టు (నెల తర్వాత, రాత్రి 8:30)

చాలామంది నేరుగా సందేశాలు పెట్టి అడిగారు కాబట్టి ఏం జరిగిందో రాస్తున్నాను.

రక్తపరీక్షలో షుగర్ హద్దు మీద ఉందన్నారు, విటమిన్ డి తక్కువ ఉందన్నారు. మందులు వాడుతున్నాను. డాక్టరమ్మ గారు అడిగిన ప్రశ్నను మా ఆవిడను కూడా అడగమన్నట్టు నాకు అర్థమై అడిగాను. ఖాతాదారులను తిట్టుకోవడం రెండేళ్ల నుంచి ఉందని చెప్పింది. నేను ఆరు నెలలనుకున్నాను.

గీతల పుస్తకం మూడు రోజులు రాశాను. రోజుకు యాభై దాకా వచ్చాయి. కొట్టులో పనిచేసే కుర్రాడికి పది వేల లోపు నిర్ణయాలు రాసి ఇచ్చాను. రెండో వారంలోనే పాత బాకీ ఉన్న మనిషికి బతిమాలితే నాలుగు బస్తాలు ఇచ్చేశాడు. మిల్లు అన్నయ్య గారు గుర్తొచ్చి పెదవి కొరుక్కుని ఊరుకున్నాను, కానీ ఆ సాయంత్రం భోజనం చెయ్యలేకపోయాను. అందరికీ ఒకేసారి కుదురుతుందని అనుకోవద్దు.

బాకీలు మూడు కుప్పలు చేశాను. మూడో కుప్ప మొత్తం నేను మనసులో మోస్తున్నదానికంటే తక్కువే తేలింది. మొదటి కుప్ప మాత్రం అనుకున్నదానికంటే చాలా ఎక్కువ. అంటే ఇన్నాళ్లూ భయపడాల్సినదాన్ని వదిలేసి పోయినదాని గురించి ఏడుస్తున్నానన్నమాట. వచ్చే సీడుకు ఎకరం లెక్కన హద్దు రాసిన కాగితం అందరికీ ఇచ్చాను. ఇద్దరు పాత రైతులు వేరే కొట్టుకు మారారు. ఒకాయన పన్నెండేళ్ల ఖాతాదారు, ఆయన కొడుకు పెళ్లి పెద్దల్లో నేనూ ఒకణ్ని. అది బాధగానే ఉంది, పోవడం లేదు.

అట్టలు అచ్చువేయించాను. ముగ్గురు దుకాణదారులం కలిసి రాత్రి వేళకు ఒక టెక్నీషియన్‌ను పెట్టుకున్నాం, జీతం ముగ్గురిదీ. రాత్రి పదికి నా ఫోను హాల్లో టీవీ పక్కన పెడుతున్నాను. మెలకువ మాత్రం ఇప్పటికీ మూడింటికే వస్తోంది. ఫోను లేకపోయేసరికి మొదట్లో ఏం చెయ్యాలో తోచేది కాదు. ఇప్పుడు లేచి మంచినీళ్లు తాగి మళ్లీ పడుకుంటున్నాను, కొన్ని రాత్రులు నిద్ర వస్తోంది.

మొన్న గురువారం రాత్రి వాన పడి కరెంటు పోయింది. టెక్నీషియన్‌కు మూడు చెరువుల నుంచి ఫోన్లు వచ్చాయట. నాకు తెలిసింది ఉదయం తొమ్మిదింటికి, కొట్టులో టీ తాగుతుంటే.


కాళ్ల చెరువుగట్టు (రాత్రి 9:10)

మూడు చెరువులూ ఏమయ్యాయండీ?


భీమవరం మేతకొట్టు (రాత్రి 9:25)

రెండింటికి ఏమీ కాలేదు. మూడోదాంట్లో జనరేటరు డీజిల్ అయిపోయి ఇరవై నిమిషాలు ఆగింది, కొంత రొయ్య పోయింది. అది నా ఖాతాదారు చెరువే. నేను ఫోను ఎత్తి ఉంటే డీజిల్ ఉండేదా అని రెండు రోజులు ఆలోచించాను. నిన్న ఆయనే వచ్చి ఇరవై లీటర్ల డబ్బా ఒకటి అదనంగా షెడ్డులో పెట్టుకున్నానని చెప్పి, పది బస్తాల మేత తీసుకెళ్లాడు. సగం డబ్బు చేతికే ఇచ్చాడు.